ఊఁ కొట్టిన పాపం

క్రిందటి వారం దేవకుమారిని మనం రాజమండ్రి కాంప్లెక్స్‌లో, భీమవరం బస్సు ఎక్కుతుండగా వదిలిపెట్టాం. ఆమె చేతిలో బిల్లు నకలు, కడుపులో పొద్దున్న తాగిన కాఫీ తప్ప మరేమీ లేవు. కథ ఈ వారమే అందుకుంటున్నవారి కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళదాం.

దేవకుమారి కౌన్సెలరు. మనసులో బరువు మోయలేక వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, చెప్పింది విని, వాళ్ల దారి వాళ్లే వెతుక్కునేలా సాయపడడం ఆమె పని. రెండు గోదావరి జిల్లాల్లో ఈ పని చేసేవాళ్లు నలభైముగ్గురు కలిసి పెట్టుకున్న సంఘానికి ఆమె అధ్యక్షురాలు. డాక్టరుకు రిజిస్ట్రేషను ఉంది, ప్లీడరుకు ఉంది, ఆఖరికి మందుల షాపువాడికీ ఉంది. కౌన్సెలరుకు లేదు. మూడురోజుల శిక్షణకు వెళ్లొచ్చినవాడు కూడా గుమ్మానికి బోర్డు తగిలించుకుని కూర్చోవచ్చు. ఈ పనికి ఇంత చదువు ఉండాలి, ఈ నియమాలు పాటించాలి అని ఒక చట్టం తెప్పించడానికి దేవకుమారి ఆరేళ్లుగా కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగింది. మంత్రులు టీ ఇచ్చి పంపారు. అధికారులు టీ కూడా ఇవ్వలేదు. చివరికి భీమవరం వైపు ఎమ్మెల్యే శ్రీనివాసరాజు గారు, తానే సొంతంగా అసెంబ్లీలో బిల్లు పెడతానని ముందుకొచ్చారు. సంఘమంతా మిఠాయిలు పంచుకుంది.

నిన్న బిల్లు నకలు చేతికొచ్చింది. ఎనిమిదో సెక్షను దాకా అన్నీ వీళ్లు అడిగినవే. తొమ్మిదో సెక్షను మాత్రం ఎవరూ అడగనిది. “ఇంటి పెద్ద రాతపూర్వకంగా కోరిన ఎడల, కుటుంబ సభ్యుడు తనతో చెప్పిన సంగతులను కౌన్సెలరు పదిహేను దినములలోగా తెలియజేయవలెను.” దాని కిందే ఇంకో ముక్క కూడా ఉంది. “ఇది సంఘ అధ్యక్షురాలి సమ్మతితో చేర్చబడినది.”

సమ్మతా? ఎప్పుడిచ్చింది, ఎవరికిచ్చింది? రాజుగారు ఈ సాయంత్రం హైదరాబాదు రైలెక్కుతున్నారు. రేపు పొద్దున్న బిల్లు అసెంబ్లీ ఆఫీసులో ఇచ్చేస్తారు. నాలుగున్నరకు ఆయన కారు కదిలేలోపు దేవకుమారి ఆ ఇంట్లో ఉండాలి. ఇంతవరకూ జరిగింది ఇదీ.

తణుకు దాటాక రైల్వే గేటు పడింది. గూడ్సు బండి వస్తుందో రాదో తెలియదు, గేటు మాత్రం లేవలేదు. దేవకుమారి బస్సు దిగింది, ఎక్కింది, మళ్లీ దిగింది. పక్కసీటు ముసలమ్మ విసుక్కుని, “ఓ చోట కూకోవమ్మా, నువ్వు దిగినంత మాత్రాన గేటు లేచిపోద్దా?” అంది. అంతలో సెల్‌ఫోను మోగింది. సంఘం కార్యదర్శి సుకుమార్.

“మేడం, మనవాళ్లు రెండు ముక్కలైపోయారండి. తొమ్మిదో సెక్షనుంటే ఉండనివ్వండి, ముందు చట్టం రానివ్వండి, తరవాత మార్పించుకుందాం అంటున్నారు సగం మంది. కాకినాడవాళ్లయితే, మేడం గారు గొడవపడి వచ్చేదాన్ని కూడా పోగొడతారేమోనని భయపడుతున్నారండి.”

“నువ్వేమంటావు సుకుమార్?”

“నా కాంట్రాక్టు మార్చితో అయిపోద్దండి. చట్టమొస్తే పోస్టులొస్తాయి. కానీ నిన్న ఒకావిడ నా ముందు కూర్చుని రెండు గంటలు ఏడ్చిందండి. రేపు వాళ్లాయన కాగితం పట్టుకొస్తే నేనేం చెయ్యాలి మేడం?”

ఆ మాటతోనే ఫోను సిగ్నలు పోయింది. గేటు లేచింది. బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కింది. ఎక్కాక కిటికీ పక్కన కూర్చుని, నిన్నటినుంచి తప్పించుకు తిరుగుతున్న సంగతిని ఒప్పుకుంది. సమ్మతి ఇచ్చింది తానే.

మూడు వారాల క్రితం ఏలూరు గెస్ట్‌హౌసులో రాజుగారు అరగంట మాట్లాడారు. పిల్లలు ఇంట్లో ఒకలా, బయట ఒకలా ఉంటున్నారని, తల్లిదండ్రులకు తెలియని సంగతులు ఎవరికో తెలియడం ఏం న్యాయమని ఆవేదనగా చెప్పుకొచ్చారు. దేవకుమారి విన్నది. ఇరవై ఏళ్ల అలవాటు చొప్పున మధ్యమధ్య ఊఁ కొట్టింది. చివర, “అంటే, ఇంటి పెద్దకి తెలియకుండా ఏదీ ఉండకూడదంటారు” అని ఆయన మాట ఆయనకే తిరిగి చెప్పింది. కౌన్సెలర్లందరూ మొదటి నెలలో నేర్చుకునే విద్య అది. ఎదుటివాడి మాట వాడికే అప్పజెబితే, విన్నారన్న నమ్మకం కలుగుతుంది, ఇంకొంచెం మనసు విప్పుతాడు. అంతేగాని ఒప్పుకున్నట్టు కాదు. ఈ సంగతి కౌన్సెలర్లకు తెలుసు. ఎమ్మెల్యేల దగ్గర పి.ఏ.లకు తెలియదు. మౌనం అర్ధాంగీకారమైతే ఊఁ కొట్టడం పూర్తి అంగీకారమే కదా అని రాజుగారి పి.ఏ. రాముడు పుస్తకంలో రాసేసుకున్నాడు. ఆరేళ్లు చట్టం కోసం తిరిగిన మనిషి, చట్టం చేసేవాడి ముందు కూడా కౌన్సెలరులాగే కూర్చుంది. ఆమె మీద నాకు జాలి కంటే కోపమే ఎక్కువ. ఆమెకైతే తన మీద తనకు రెండూ ఉన్నాయి.

రాజుగారి ఊరు భీమవరం దాటాక, చెరువుల మధ్య. ఆటో దిగేసరికి రెండుంబావు. గేటు దగ్గరే రాముడు ఎదురొచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, చంకలో ఎప్పుడూ ఒక నోటుపుస్తకం.

“ఆయ్, రండి మేడం గారూ. సరిగ్గా భోజనాల వేళకొచ్చారండి.”

“నేను భోజనానికి రాలేదండి, రాజుగారితో పది నిమిషాలు మాట్లాడాలి.”

“మాట్లాడుదురుగానండి. భోంచేశాక.”

ఆ ఇళ్లలో ఆ పద్ధతిని దాటడం ఎవరి తరమూ కాదు. అప్పుల వాడొచ్చినా, ఆపద్బాంధవుడొచ్చినా, తగువు పెట్టుకోవడానికొచ్చినా ముందు విస్తరి వేస్తారు. శ్రీనివాసరాజు గారు తెల్లటి లాల్చీలో, నెరిసిన మీసంతో, వాకిట్లోకొచ్చి చేతులు జోడించారు. “కాళ్లు కడుక్కోండమ్మా. మీరొచ్చిన పని నాకు తెలుసు. తిన్నాక మీరు తిట్టినా వింటాను.”

భోజనాల గదిలో వడ్డన వంటమనిషి చేస్తోంది. తలుపు వెనకనుంచి ఒక ఆడగొంతు ఆమెకు మెల్లగా చెబుతోంది, “రొయ్యల ఇగురు ఇంకాస్త వెయ్యి. పెరుగు అడుగు.” అది రాజుగారి భార్య రత్నమాణిక్యం గారు. ఆ కుటుంబాల్లో ఘోషా చాలావరకు సడలిపోయినా, ఆవిడ తరం ఆడవాళ్లు పరాయి మగవాళ్లు మసిలే గదుల్లోకి రావడం ఇప్పటికీ తక్కువే. తెర లేకపోయినా తలుపు ఉంది కదా. గొంతు మాత్రమే వస్తుంది. మర్యాదకు లోటు రాదు.

దేవకుమారి గడియారం చూసుకుంటూ ముద్ద నోట్లో పెట్టుకుంది. తలెత్తింది. ఎదురుగా గోడమీద ఫోటో ఉంది. దానికి దండ ఉంది. ఇరవై ఏళ్ల కుర్రాడు, కుడి కనుబొమ్మ మీద చిన్న గాటు, నవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టున్న ముఖం.

ఆ గాటు ఆమెకు తెలుసు.

తేజ. రెండేళ్ల క్రితం వరసగా నాలుగు గురువారాలు రాజమండ్రి కౌన్సెలింగ్ సెంటరులో, ఆమె గదిలో, ఆమె ఎదురుగా కూర్చున్న తేజ. పూర్తిపేరు చెప్పలేదు, ఆమె అడగలేదు. తణుకులో చదువుకుంటున్నానన్నాడు. అయిదో గురువారం రాలేదు. పరీక్షలేమో అనుకుంది. బాగుపడినవాళ్లు చాలామంది ఇలాగే చెప్పకుండా మానేస్తారు, అది మంచికే అనుకుంది. రెండేళ్లుగా అలాగే అనుకుంటోంది.

“మా అబ్బాయండి. రవితేజ,” అన్నారు రాజుగారు, ఆమె చూపు గమనించి. “తినండి, చల్లారిపోతోంది.”

ఆమె ఎలా తిన్నదో ఆమెకే తెలియదు. లేచి చెయ్యి కడుక్కుంది. వాడు చనిపోయాడన్న దుఃఖం ఒక్కసారిగా వచ్చి మీదపడింది. ఏడవడానికి వీల్లేదు. ఏడిస్తే తెలిసినవాడని చెప్పినట్టే.

ముందు హాల్లో కూర్చున్నారు. మూడు దాటింది. రాజుగారి బ్రీఫ్‌కేసు సిద్ధంగా బల్లమీద ఉంది, దానిమీద బిల్లు. దేవకుమారి కూర్చోలేక నిలబడింది. నిలబడలేక మళ్లీ కూర్చుంది.

“తొమ్మిదో సెక్షనుకి నేను ఒప్పుకోలేదండి రాజుగారూ.”

“ఒప్పుకోకపోవడమేంటండి? రాముడూ, పుస్తకం తియ్యి.”

రాముడు చదివాడు. “ఇంటి పెద్దకి తెలియకుండా ఏదీ ఉండకూడదు అని మేడం గారు కూడా అన్నారు. తలూపారు. ఆయ్, ఇక్కడ ఊఁ అన్నారని కూడా రాశానండి, రెండుసార్లు.”

“అది మా పనిలో అలవాటండి. ఎదుటివాళ్ల మాట సరిగ్గా విన్నామో లేదో అని వాళ్లకే తిరిగి చెబుతాం. ఒప్పుకున్నట్టు కాదు.”

“నేను మీ దగ్గరికి పేషెంటుగా వచ్చానేంటండి?” అన్నారు రాజుగారు. నవ్వలేదు.

“రాలేదండి. తప్పు నాదే. మీతో అధ్యక్షురాలిలా మాట్లాడాల్సింది పోయి, గదిలో కూర్చున్నట్టు కూర్చున్నాను. అందుకే ఇవాళ పరుగెత్తుకొచ్చాను. ఆ సెక్షను తీసెయ్యండి.”

“ఎందుకు తియ్యాలి?”

“మొగుడు కొడుతున్నాడని ఒకావిడ మా దగ్గరికొస్తుందండి. ఆ ఇంటి పెద్ద ఎవరు? కొట్టేవాడే కదండీ. రేపు వాడు కాగితం రాసిస్తే, ఆవిడ చెప్పినవన్నీ మేమే వాడికి అప్పజెప్పాలి. ఇంటికెళ్లాక ఆవిడ గతేంటండి? ఒక్కసారి ఇలా జరిగిందని తెలిస్తే మా తలుపు ఇంకెవరూ తట్టరు. మాకు రిజిస్ట్రేషను ఉంటుంది, పోస్టులుంటాయి, ఎదురుకుర్చీలో మాత్రం మనిషుండడు.”

“ఇంటి పెద్దలందరూ కొట్టేవాళ్లే కాదుగా అమ్మా,” అన్నారు రాజుగారు. “అడగడం చేతకాని పెద్దలు కూడా ఉంటారు.”

‘అంటే, మీరు అడగలేకపోయానంటారు’ అన్న మాట దేవకుమారి నాలుక చివరిదాకా వచ్చింది. నాలుక కరుచుకుంది.

ఆయన లాల్చీ జేబులోంచి మడతలు పడ్డ చిన్న చీటీ తీసి బల్లమీద పెట్టారు. దానిమీద అయిదు తేదీలున్నాయి. నాలుగింటికి టిక్కు ఉంది.

“ఇది మీ సెంటరు చీటీయే కదండీ. మావాడి జేబులో దొరికింది. పట్టపగలు, తిన్నని రోడ్డు, ఎదురుగా బండి లేదు, గేదె లేదు. మోటారు సైకిలు కాలవలోకి వెళ్లిపోయింది. ప్రమాదమని అందరూ అన్నారు, నేనూ అన్నాను. పెద్దకర్మ అయ్యాక వాడి బట్టలు సర్దుతుంటే ఇది దొరికింది. మీ సెంటరుకొచ్చి అడిగాను. అక్కడ ముగ్గురు కౌన్సెలర్లంట. ఎవరి దగ్గరికొచ్చాడో చెప్పం, వచ్చాడో లేదో కూడా చెప్పం అన్నారు. కొడుకు పోయిన తండ్రినండి. వాకిట్లోంచి పంపేశారు.”

దేవకుమారి ఆ రోజు ఊళ్లో లేదు. ఎవరో పెద్దమనిషి వచ్చి గొడవ చేసి వెళ్లారని మర్నాడు విన్నది, అంతే.

“మీ బిల్లు నేనెందుకు నెత్తికెత్తుకున్నాననుకున్నారు? మీ సంఘంలో నలభైముగ్గురు. నలభైమూడు ఓట్ల కోసం ఎవడూ హైదరాబాదు వెళ్లడండి.” ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. “ఇందాక ఫోటో చూసినప్పుడు మీ ముఖం నేను చూశాను. మీ దగ్గరికే వచ్చాడు. కాదనకండి.”

ఆమె కాదనలేదు, అవునని కూడా అనలేదు.

రాజుగారు పెన్ను తీసి, బిల్లు తిప్పి, తొమ్మిదో సెక్షను దగ్గర ఆనించారు. “ఒక్క మాట చెప్పండి. అది ప్రమాదమా, కాదా? మావాడు ఏ బాధతో మీ దగ్గరికొచ్చాడు? చెబితే ఈ సెక్షను నా చేత్తో నేనే కొట్టేస్తాను. మీకు కావలసిన బిల్లు, మీరు రాసిచ్చినట్టే రేపు అసెంబ్లీకెళ్తుంది. ఈ గది దాటి ఎవరికీ తెలీదు. రాముడూ, నువ్వు బయటికెళ్లు.”

రాముడు వెళ్లాడు. దేవకుమారి పెన్ను వైపు చూసింది. ఆరేళ్ల పని ఆ పాళీ కింద ఉంది. సుకుమార్, వాడి మార్చి నెల, వాడి ముందు ఏడ్చినావిడ, అందరూ అక్కడే ఉన్నారు. చెప్పాల్సింది రెండు వాక్యాలు. చెబితే ఎదురుగా ఉన్న ఈ తండ్రికి రెండేళ్లకు ఒక రాత్రయినా నిద్ర పట్టవచ్చు. లేదా ఇక ఎప్పటికీ పట్టకపోవచ్చు. తేజ నాలుగో గురువారం ఏమన్నాడో ఆమెకు అక్షరం అక్షరం గుర్తుంది. చెప్పాక, “ఇది మా నాన్నగారికి తెలీదు కదండీ” అని రెండుసార్లు అడిగాడు. తెలీదని ఆమె మాటిచ్చింది. పోయినవాడికిచ్చిన మాట ఎవరడుగుతారు? ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు సిగ్గేసింది.

“చెప్పనండి,” అంది.

“ఏంటి?”

“చెప్పనండి రాజుగారూ. ఆ సెక్షను తీసెయ్యమని అడగడానికొచ్చి, అదే పని మీ హాల్లో కూర్చుని నేను చేస్తే, ఇంక ఆ చట్టమెందుకండి నాకు? మీ అబ్బాయి మా దగ్గరికొచ్చాడో రాలేదో కూడా చెప్పను. మీ బాధ చూస్తుంటే నా కడుపు తరుక్కుపోతోంది. అయినా చెప్పను.”

ఆయన పెన్నుకు మూత పెట్టారు. కాగితాలు బ్రీఫ్‌కేసులో పెట్టి, టక్కుమని మూశారు. లేచి నిలబడ్డాక ఆయన గొంతులో తడి లేదు.

“సరేనండి. సెక్షను అలాగే ఉంటుంది. ఎలాగైనా చట్టం చేయిస్తాను, చేయించగలను. చట్టమైన రోజున తొమ్మిదో సెక్షను కింద మొదటి అర్జీ నాదే. మీ పేరు మీదే ఇస్తాను. పదిహేను రోజుల్లో జవాబు చెప్పండి, లేదా జైలుకెళ్లండి. రాముడూ, కారు తియ్యమను.”

“అర్జీ అక్కర్లేదండి.”

తలుపు వెనకనుంచి వచ్చింది ఆ మాట. తరవాత ఆ మాట అన్న మనిషి కూడా వచ్చింది. సన్నగా, పొట్టిగా, నేతచీర కొంగు తలమీదుగా కప్పుకుని, రత్నమాణిక్యం గారు గుమ్మం దాటి ముందు హాల్లోకి నడిచారు. డ్రైవరుకు కారు తియ్యమని చెప్పి లోపలికొస్తున్న రాముడు కంగారుపడి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ ఇంట్లో పనిచేస్తున్నాడు, అమ్మగారి ముఖం అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

“నువ్విటెందుకొచ్చావు?” అన్నారు రాజుగారు.

“నాలుగు గురువారాలూ అబ్బాయిని రాజమండ్రి తీసుకెళ్లింది నేనేనండి. కంటి డాక్టరుకి చూపించుకుంటానని మీతో చెప్పి, కారులో తీసుకెళ్లాను. వాడు లోపల కూర్చునేవాడు, నేను బయట కారులో కూర్చునేదాన్ని. ఈవిడ నన్నెప్పుడూ చూడలేదు. నేనే కిటికీలోంచి ఈవిణ్ణి చూశాను.” ఆవిడ ఒక్కొక్క మాటా పేర్చినట్టు చెప్పారు. “మీరు సెంటరుకెళ్లి అడిగారు. కాలేజీలో అడిగారు. పోలీసుల్ని అడిగారు. ఇప్పుడు అసెంబ్లీని అడగబోతున్నారు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చారు. మీ పక్క గదిలో ఉన్నాను కదండీ. రెండేళ్లలో నన్నొక్కసారైనా అడిగారా?”

రాజుగారి చేతిలోంచి బ్రీఫ్‌కేసు జారి కుర్చీలో పడింది. బయట కారు స్టార్టయింది. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. ఎవరూ కదలలేదు.

“అడగలేదు,” అన్నారాయన. “ఇప్పుడు అడుగుతున్నాను.”

దేవకుమారి సంచీ తీసుకుని లేచింది. ఇది భార్యాభర్తల మధ్య మాట, తాను ఉండకూడదు. రెండడుగులు వేసేసరికి రత్నమాణిక్యం గారి చెయ్యి ఆమె మణికట్టు మీద పడింది. ఆ చెయ్యి చల్లగా ఉంది, పట్టు మాత్రం గట్టిగా ఉంది.

“మీరు వెళ్లకండమ్మా. మీరు నోరు విప్పకుండా నిలబడ్డారు, అది చూశాకే నాకు ఈ గుమ్మం దాటే ధైర్యమొచ్చింది. మీకు వాడు నాలుగు వారాలు చెప్పింది తెలుసు. కానీ ఆ అయిదో గురువారం పొద్దున్న, మీ దగ్గరికి బయల్దేరి బండి తీసేముందు, వాడు నాతో చెప్పింది మీకు తెలీదు. ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు.”

(సశేషం)